టోపు లోపలి పూత

ఆ యేడు వానలు దసర దాక వదలలే. కోతకచ్చిన సోయ చేన్లల్ల నీళ్లు నిలవడి, కాయ కాయకే మొలకలెత్తుతున్నదని ఊరంత తలకాయ పట్టుకున్నరు. మా ఇంటి గోస వేరే. తడిగాలికి ఫైబర్ మందు జల్ది గట్టిపడది. పొద్దున పోసిన టోపు పొద్దుమూకినా వేలుకు అంటుకునుడే.

కుండల్‌వాడిల జీపెక్కితే చాయ తాగినంత సేపట్ల మా ఊరస్తది. ఊర్ల నెత్తికి పెట్టుకునే ఫైబర్ టోపుల కార్ఖాన అంటే మాదే. కార్ఖాన అంటే ఏదో పెద్దదనుకునేరు, పాత పశులకొట్టం మీద రేకులేసినం, అంతే. నాటకాలకు, జయంతి ఊరేగింపులకు, బడిపిల్లల గ్యాదరింగు ఆటపాటలకు నాందేడ్ దుకాన్లోళ్లు మా కాన్నుంచే తీస్కపోతరు. సిపాయి టోపులు, రాజుల టోపులు, ముక్కు మీదికి పట్టి దిగే సర్దారు టోపులు, అన్ని చేస్తం.

నా పేరు పరమేశ్వరి. ఆ టోపుల లోపలి పని నాది.

బయటి పని అందరికి అవుపడ్తది. ఇత్తడి రంగు కొట్టి, నగిషీ దిద్ది ఎండల పెడితే పోయేటోళ్లు అచ్చేటోళ్లు నిలవడి చూస్తరు. లోపలి సంగతి పెట్టుకున్నోనికే ఎరుక. ఫైబరంటే గాజుపోగులే గద. సాంచల, అంటే అచ్చుల, పోసి తీస్తే బయట నున్నగ ఉంటది, లోపల సన్నటి గాజుముండ్లు లేచి ఉంటయి. కంటికి అవుపడయి, తోలుకు తెలుస్తయి. ముక్కుకు తడిగుడ్డ కట్టుకొని పాలిష్ కాయితంతోని రుద్దాలె, కడగాలె, గుంటలల్ల లప్పం నింపాలె. పల్చగ మందు పూయాలె. అది ఆరినంక నల్లరంగు. నల్లదే ఎందుకంటే, కండ్లకాడి సందుల్నుంచి ఎలుగు పోయి లోపల మెరిస్తే పెట్టుకున్నోని మొఖం బయటికి కనవడ్తది. గప్పుడు వాడు సర్దారెట్లయితడు, మన జీపు నడిపే గజాననే అయితడు. రంగు మీద వార్నీసు. అంత అయినంక పత్తి పింజ తీస్కొని లోపలంత తిప్పాలె. పత్తి ఎక్కడ పట్టుకుంటే అక్కడ ముల్లున్నట్టు, మళ్ల మొదటికి. పత్తి సక్కగ జారిపోయేదాక నాకు బువ్వ రుచించది.

ఈ పని ఒకప్పుడు మా ఆయన రామచందర్‌ది. ఆయన పోయినంక నా చేతికచ్చింది. మా బావ విశ్వేశ్వర్, అంటే ఆయన అన్న, చేతులకు రబ్బరు తొడుగులేసుకొని సాంచల పోస్తడు, బయటి రంగు కొడ్తడు. లోపలి పనికి తొడుగు పనికిరాదు, వట్టి చేతికే ముల్లు దొరుకుతది. వట్టి చేత్తోని మందు ముట్టుకుంటే ఆయనకు ఒళ్లంత దద్దులు లేస్తయి. గందుకే నాకు ఇచ్చిండ్రు. ఇచ్చిండ్రు గాని ఒక షరతు పెట్టిండ్రు. మా అత్త ముత్తెమ్మ పెట్టిన షరతు అది.

"చేసుకో బిడ్డా, ఒద్దంటలే. కాని చేస్తున్ననని ఎవ్వలకు చెప్పకు. పండుగ టోపులు బొట్టులేని చెయ్యి ముట్టిందని తెలిస్తే మందికి మనసు గుంజది. లోపలి పనే గద, ఎవలు చూస్తరు."

నేను ఊకున్న. పని దొరికితే చాలనుకున్న. మనిషి పోయినంక ఇల్లు ఎట్లుంటదో పోగొట్టుకున్నోళ్లకే తెలుస్తది. కొట్టంల టోపు ఒళ్లె పెట్టుకొని రుద్దుతుంటే గంట గంట గడిచేది, మతి నిలకడగ ఉండేది. ఆ పని లేకుంటే నేను ఆ ఇంట్ల ఒక తిండిదండుగ మనిషిని, నా లెక్కల.

దసరకు మా ఊర్ల పాతకాలం సర్దారు వేషం ఎల్లుతది. గుర్రమెక్కి, టోపు పెట్టుకొని ముందల సర్దారు, ఎనుక ఊరు. పొద్దుండంగనే పొలిమేర దాటి, సోనమని, అంటే బంగారమని, ఆపట ఆకు తెంపుకొచ్చి పంచుకుంటరు. టోపు లేని సర్దారు పొలిమేర దాటొద్దు. ఆ టోపు మా వాకిట్లనే, మా ఇంటి పుణ్యస్త్రీ చేత్తోని సర్దారు నెత్తికెక్కాలె. అది పెద్దల నాటి పద్ధతి. ఇప్పుడు నా యారాలు లీలాబాయి, మా బావ భార్య, పెడ్తది. పోయినేడు పాత టోపు వానల నాని పగిలింది. గందుకే ఈసారి కొత్తది చేసినం. దాని లోపల నేను ఎంత మనసుపెట్టి చేసిన్నో ఆ పత్తి పింజకే తెలుసు.

నవరాత్రులు షురు గాకముందే ఉత్సవ మండలి పెద్ద దిగంబర్ సేట్ టోపు చూద్దామని అచ్చిండు. సోయ అడతి ఆయనది, ఊర్ల ఆయన మాట అంటే మాటే. అరుగు మీద కూసొని టోపు అటు తిప్పి ఇటు తిప్పి, లోపల చెయ్యి పెట్టి తడిమిండు.

"విశ్వేశ్వర్, బయట ఎవడన్న మెరిపిస్తడయ్యా. లోపల చూడు. పట్టుబట్ట లెక్క ఉన్నది. నీ చేతికి దండం పెట్టాలె."

మా బావ నవ్విండు. "ఏదో మీ దయ సేట్," అన్నడు.

సొమ్మొకడిది సోకొకడిదంటే ఇదే. నేను చాయ కప్పులు పట్టుకొని తలుపుకాడ నిలవడ్డ. లోపల్నుంచి మా అత్త గుడ్లురుముతున్నది. నేను దెగ్లూర్‌ల పుట్టినదాన్ని, మా నాయినకు నా నోటితోనే నిద్రవట్టకపోతుండె. ఆ నోరు రెండేండ్లు ఎట్ల ఊకున్నదో నాకే ఆశ్చర్యం.

"చాయ పట్టుర్రి సేట్. లోపలిది బావ చెయ్యి గాదు, నాది."

"ఏంది?"

"లోపలి పని నాది. ఈ టోపు ఒక్కటే గాదు. పోయినేడు బడి గ్యాదరింగుల మీ మనుమడు పెట్టుకున్నది గూడ నేను పూసిందే. పిల్లగానికి ఒక్క పొక్కన్న లేసిందా, అడుగుర్రి."

దిగంబర్ సేట్ చెయ్యి టోపుల్నుంచి మెల్లగ బయటికచ్చింది. టోపు కింద పెట్టిండు. చాయ ముట్టలే. నా దిక్కు చూడకుంట మా బావనే అడిగిండు.

"హే కాయ్, ఏందిది విశ్వేశ్వర్? బొట్టులేని చెయ్యి తిరిగిన టోపు సర్దారు నెత్తికెట్ల ఎక్కిద్దామనుకున్నవు? ఊరికి కీడైతే ఎవడు జవాబిస్తడు? ఈ వానలు చూస్తలేవా?"

"వానలు బాబ్లీ దాక పడ్తున్నయి సేట్," అన్న నేను. "ఆడికి నేనెన్నడు పోలే."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఆయన లేసి నిలవడ్డడు. టోపుకు తానే శుద్ధి చేయిస్తనన్నడు. ఈమె చెయ్యి ఆ కొట్టంల ఆడినన్ని దినాలు ఈ తాలూకల ఏ మండలి మీ టోపు ముట్టకుంట చూస్తనన్నడు. టోపును కొత్త తువ్వాలల చుట్టుకొని, బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని పోయిండు.

ఇంట్ల అందరు ఒక్కసారే మాట్లాడిండ్రు.

"పరమేశ్వరీ, రేపటి సంది కొట్టంలకు రాకు," అన్నడు బావ.

"ఎన్నొద్దులు?"

"రాకు అంటున్న గద."

"మరి నాందేడ్ మాలు? ఆ టోపుల లోపల ఎవలు చేస్తరు?"

బావ తన చేతులు చూసుకున్నడు. మా అత్త అందుకున్నది. "నీ నోరే నీకు పగ. చెప్పిన్నా లేదా? చెప్పకుంటే ఏం పోతుండె?"

"అత్తా, నేను తప్పు చేసిన్నా?"

"చేసుడు తప్పు గాదు. చెప్పుడు తప్పు."

నాకు ఏడుపు రాలే, మంటచ్చింది. ముండ్లన్ని ఏరి ఏరి నా వేళ్లు పగిలినయి, ఆ పగుళ్లల్ల నల్లరంగు ఇంక పోలే. ఆ వేళ్లతోని నేను ఇంట్ల కూసొని బెండకాయలు కొయ్యాలెనట. లీలాబాయి అక్క నా పక్కన కూసొని తను గూడ కోసింది. ఏం చెప్పాలెనో తెల్వక, "ముదిరినయి తీసెయ్యి," అన్నది. నేను లేతయి గూడ తీసి అవతల పడేసిన.

తెల్లారి లేసి మొఖం కడుక్కొని, కొట్టం దిక్కు పోలే. లీలాబాయి అక్కతోని నాందేడ్ మాలు తట్ట తెప్పించుకున్న. లప్పం డబ్బ, కాయితాలు, కుంచెలు, నల్లరంగు, పత్తి, అన్ని బజారు దిక్కున్న అరుగు మీద పరుసుకున్న. ముక్కుకు తడిగుడ్డ కట్టుకొని రుద్దుడు షురు చేసిన. బడికి పోయే పిల్లలు, పాలోళ్లు, చేన్లకు పోయే ఆడోళ్లు అందరు చూసుకుంట పోయిండ్రు. ఒకామె ఆగి, "ఏంది పరమేశ్వరీ, లోపల గూడ రంగేస్తరా?" అని అడిగింది. "ఎయ్యకుంటే నెత్తి గోక్కునుడే," అన్న.

బావ ఉరికొచ్చిండు. "ఏంది గిది? ఊరి ముందల."

"కొట్టంలకు రావద్దన్నరు. అచ్చిన్నా బావా? అరుగు మీద కూసున్న."

"మండలోళ్లు చూస్తే?"

"చూడనియ్యిర్రి. రెండేండ్లు చూడనియ్యలే గద."

మా బావ చెడ్డోడు గాదు, ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి, అంతే. నాందేడ్ నుంచి మాలు కోసం ఫోన్ల మీద ఫోన్లు అస్తున్నయి. ఆయన దద్దుల చేతులు ఒకసారి, నా తట్ట ఒకసారి చూసి లోపలికి పోయిండు. దిగంబర్ సేట్ మోటార్ సైకిల్ మీద రెండు మూడుసార్లు మా ఇంటి ముందలికెళ్లి పోయిండు. ఆయన పోయినప్పుడల్ల నేను పాలిష్ కాయితం జర గట్టిగ రుద్దిన, చప్పుడు ఇనవడాలెనని.

ఇగ టోపు శుద్ధి సంగతి. దిగంబర్ సేట్ వాకిట్ల కత్తులు పెట్టి నా పూతంత గీకిపిచ్చిండ్రట. నా చెయ్యి ఆడిన జాగ ఒక్కటి మిగలొద్దని రంగు, మందు, లప్పం అన్ని లేసేదాక గీకిండ్రట. గోమూత్రంతోని కడిగి, మంచిగ పసుపు ముద్ద కలిపి లోపలంత మెత్తిండ్రు. పసుపు ఆరినంక చూస్తే నున్నగనే ఉంటది మరి. కింద గాజుముండ్లు మళ్ల లేసినయని వాళ్లకేం తెలుసు.

పండుగ ముందల గుర్రం తాలీమ్, అంటే సాధన, ఉంటది. బడి మైదానం మా అరుగుకు ఎదురుంగనే. సర్దారు వేషం గజానన్‌ది. కుండల్‌వాడి జీపు నడుపుతడు, మా ఆయనకు దోస్తు, నన్ను వదినె అంటడు. ఆ రోజు ఎన్నడు లేంది ఎండ కాసింది. డప్పులు మొదలైనయి. గజానన్ గుర్రమెక్కి, టోపు పెట్టుకొని, ఒక చుట్టు తిరిగిండో లేదో నెత్తి అటు ఇటు ఊపిండు. ఇంకో చుట్టుకు జీను మీదనే ఒళ్లంత మెలికలు తిరిగిండు. చెమటకు పసుపు కరిగి ముక్కుపట్టి కింది నుంచి, మెడ మీది నుంచి పచ్చగ కారుతున్నది. టోపు పీకేద్దామని చేతులెత్తిండు, గవుదల కింద కట్టిన తాడు తడికి బిగుసుకున్నది, ఊడలే. నోరు తెరిసి ఏమో ఒర్రిండు.

ఒక ముసలాయన, "సర్దారు ఒంట్లకచ్చిండు," అన్నడు.

అంతే. మైదానంల మంది చేతులు జోడిచ్చిండ్రు. డప్పులోళ్లు రెట్టింపు కొట్టిండ్రు. ఆడోళ్లు బిందెలతోని నీళ్లు తెచ్చి గుర్రం కాళ్లకు పోసిండ్రు. దిగంబర్ సేట్ తన చేత్తోని కొబ్బరికాయ కొట్టి, "ఇన్నేండ్లకు అచ్చిండు, శుద్ధి చేసిన ఫలితం," అని కండ్లనీళ్లు పెట్టుకున్నడు. గజానన్ "దురద, దురద" అంటున్నడని అరుగు మీది నుంచి పెదవులు చూస్తెనే నాకు తెలుస్తున్నది. ఆ డప్పులల్ల మైదానంల ఎవనికినబడాలె. వాడు ఎంత ఎగిరితే వీళ్లు అంత మొక్కిండ్రు. నేను నోట్లె కొంగు కుక్కుకొని నవ్విన. చేసుకున్నోనికి చేసుకున్నంత మహదేవా.

పగటీలి టోపు చంకల పెట్టుకొని గజానన్ మా అరుగెక్కిండు. నొసలు, చెవులు, మెడ, అంత ఉబ్బి ఎర్రగున్నది.

"నవ్వకు వదినె. దండాలు పెడ్తున్నరే గాని గోకనిస్తలేరు."

"గోకకు, ఇంకా లోపలికి పోతయి." డబ్బాలకంటించే టేపు తెచ్చి నొసలికి అంటిచ్చి పీకిన. మళ్ల అంటిచ్చి మళ్ల పీకిన. టేపుకు గాజుపోగులు మెరుసుకుంట వచ్చినయి. గజానన్ ఆ టేపును ఎలుగుకు పట్టి చూసుకున్నడు.

తర్వాత టోపు తీస్కొని లోపల చూసిన. అప్పుడు నవ్వు పోయింది. కత్తిగాట్లు. ఎముక తేలినట్టు ఫైబర్ తేలింది. అక్కడక్కడ నా నల్లరంగు మరకలు మిగిలినయి, పసుపు కింద. నా చెయ్యి వాళ్లకు గంత ఓకరింపయ్యిందా అని నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఎవ్వల ముందల ఏడవని దాన్ని గజానన్ ముందల ఏడ్సిన.

ఆయన నేను కండ్లు తుడుసుకునేదాక ఆగిండు. "మళ్ల పూయి వదినె. నువ్వు పూస్తెనే పెట్టుకుంట, లేకుంటే వేరేటోన్ని చూసుకోర్రి అని సేట్‌కు చెప్పొచ్చిన. పూనకమచ్చిన సర్దారును ఇప్పుడు మారుస్తే ఊరూకుంటదా? ఆయన నోరు కట్టువడ్డది."

"పూస్త," అన్న. "కాని దాసుకొని పూయ. ఇక్కన్నే పూస్త. దసరనాడు నీ నెత్తికి నేనే పెడ్త, వాకిట్ల, అందరి ముందల."

గజానన్ చానసేపు టోపు దిక్కే చూసిండు. పిల్లలున్నోడు, పది మందిల తిరిగి బతికేటోడు.

"బయ్యమైతున్నదా?"

"ఐతున్నది," అన్నడు. తర్వాత మెడ తడుముకున్నడు. "కాని ఆ దురద కన్న ఈ బయ్యం నయం."

మళ్ల ముసురు పట్టింది. మందు ఆరదు. లీలాబాయి అక్క ఇంట్లున్న బల్బులన్ని తెచ్చి అరుగు మీద వరుసగ కట్టిపెట్టింది, ఆ వేడికి ఒక్కో పూత ఆరబెట్టుకుంట పోయిన. మా అత్త గడపల కూసొని చూసింది. ఒద్దనలే, కానియ్యనలే. ఒకపారి మాత్రం, "చెవుల కాడ చూసినవా?" అని అడిగింది. చెవుల కాడ చూసిన. పత్తి పింజ జారిపోయింది.

దసర రోజు వాకిట్ల గుర్రం, డప్పులు, ఊరు. లీలాబాయి అక్క హారతి పళ్లెం పట్టుకొని ఎదురుంగ నిలవడ్డది. నేను టోపు పట్టుకొని బయటికచ్చిన. తెల్లచీర గాదు, మా ఆయన కొనిచ్చిన ఆకుపచ్చ చీర కట్టుకున్న. డప్పులు ఒక్కొక్కటి ఆగిపోయినయి.

దిగంబర్ సేట్ నన్ను చూడలే. "లీలాబాయీ, టోపు నువ్వు తీస్కో," అన్నడు.

"నా చేతులల్ల హారతి ఉన్నది సేట్," అన్నది అక్క.

"పళ్లెం కింద పెట్టు."

"ఎలిగే హారతి కింద పెడ్తరా సేట్ ఎవలన్న? పద్ధతులు మీకు తెల్వయా?"

ఎనుకల ఎవరో నవ్వి దగ్గినట్టు చేసిండ్రు. సేట్ మా బావ దిక్కు తిరిగిండు. బావ నేల చూసిండు, తర్వాత మబ్బు చూసిండు. ఇగ ఈయన గొడుగు ఎటు తిప్పుతడో అని నేను టోపు గట్టిగ పట్టుకున్న.

"పొద్దు వంగుతున్నది సేట్," అన్నడు బావ. "పొద్దుండంగనే దాటాలె గద."

గజానన్ గుర్రం దిగి నా ముందలికచ్చి మెడ వంచిండు. నొసలు మీద పొక్కులు ఇంక మానలే. నేను టోపు రెండు చేతులతోని ఎత్తి పెట్టిన. చెవుల కాడ సదిరి, గవుద కింద తాడు కట్టిన. "ఎట్లున్నది?" అని మెల్లగ అడిగిన. "సల్లగున్నది వదినె," అన్నడు లోపల్నుంచి.

దిగంబర్ సేట్ తువ్వాల దులుపుకొని, తను రానని ఎల్లిపోయిండు. ఆయన ఎంట మండలోళ్లు పోయిండ్రు, ఇంకా కొంతమంది పోయిండ్రు. ఒకామె తన బిడ్డ రెక్క పట్టి నా పక్క నుంచి అవతలికి గుంజుకున్నది. అందరు నా దిక్కయిండ్రని చెప్తే అబద్ధమైతది. ఆ యేడు గ్యాదరింగుల సీజన్‌ల ఆయన మాటిని కొందరు మా టోపులు తీస్కోలే గూడ. నేను అరుగు మీది నుంచి లేవలే, ఇప్పటికీ ఆన్నే కూసొని చేస్త. కాని ఆ పొద్దు డప్పులోళ్లు కొద్దిసేపు ఒకని మొఖం ఒకడు చూసుకొని, మళ్ల కొట్టిండ్రు. గుర్రం కదిలింది. మిగిలిన మంది దాని ఎనుకవడ్డరు.

నేను వాకిట్ల నిలవడి చూస్తున్న. ఎనుక తలుపు చప్పుడైంది. మా అత్త బయటికచ్చింది. ఈ ఇంటి టోపు ఒకప్పుడు ఆమె చేత్తోనే సర్దారు నెత్తికెక్కేదట. మా మామ కాలం చేసిన యేడు సంది దసర పొద్దు తలుపు చాటునుంచి డప్పులు ఇనుడే గాని, పొలిమేర దాక ఒక్కనాడు పోలే. పొమ్మన్నోళ్లు లేరు, ఒద్దన్నోళ్లు గూడ లేరు, అట్లనే ఉండిపోయింది. ఇప్పుడు గోడ పట్టుకొని మెట్లు దిగి, చెప్పులు తొడుక్కున్నది.

"ఏం చూస్తున్నవు?" అన్నది నన్ను. "నడువు. గుర్రం దూరం పోతున్నది."